డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక: ఎక్కడ ఉంచాలి, ఎవరు చూసుకోవాలి?

నల్గొండలో స్టాఫ్ నర్సుగా పనిచేసిన ఇరవై తొమ్మిదేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒకటుంది. "ఇంటికి తీసుకెళ్లమన్నారు సిస్టరమ్మా, ఇప్పుడు ఎవరింటికి తీసుకెళ్లాలి?" అడిగేది సాధారణంగా పెద్ద కొడుకో, కోడలో. ఒక చేతిలో ఎక్స్‌రే కవరు, ఇంకో చేతిలో మందుల సంచి, గేటు బయట ఆటో. ఊళ్లో ముసలి తల్లి ఒక్కతే ఉంటుంది, తమ్ముడు హైదరాబాద్‌లో మూడో అంతస్తులో ఉంటాడు, చెల్లెలిది మిర్యాలగూడ. వరండాలో నిలబడి రెండు నిమిషాల్లో నేను చెప్పిన జవాబులు కొన్ని సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. ఇప్పుడు ఉద్యోగం నుంచి దిగిపోయాను. తీరిగ్గా చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకాల్లో దీనికి 'అనంతర సంరక్షణ' అని పేరు. మన ఇళ్లలో ఎవరూ ఆ మాట అనరు, 'చూసుకోవడం' అంటారు. అయితే ఆ ఒక్క మాట కింద చాలా వేర్వేరు పనులు ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకోవడమంటే చేతులతో, నడుముతో చేసే పని. బాలింతను చూసుకోవడమంటే తిండి, నిద్ర, ప్రమాదం కనిపెట్టే కన్ను. తాగుడు మానిన మనిషి విషయంలో అది ఏడాదిపాటు సాగే తోడు. అనాథాశ్రమం నుంచి బయటికి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు అది గది, కాగితాలు, ఒక పెద్ద దిక్కు. కాబట్టి ఒకరికి మంచిదైన ఏర్పాటు ఇంకొకరికి చెరుపు చేయవచ్చు.

మిగిలిన పని ఏమిటి?

ఎవరింట్లో ఉంచాలన్నది తేల్చుకునే ముందు, డిశ్చార్జి రోజున కాదు, దానికి రెండు రోజుల ముందే వార్డులో ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఇరవై నాలుగు గంటల్లో ఈ మనిషికి చేయవలసిన పనులు ఏమేమిటో గంటల వారీగా రాయండి. మందులు ఎన్నిసార్లు, డ్రెస్సింగ్ ఎన్నాళ్లకోసారి, మలమూత్రాలకు ఎవరు లేపాలి, తినిపించాలా, తనే తినగలడా, కసరత్తు ఎంతసేపు, తిరిగి చూపించుకోవడం ఎప్పుడు. తర్వాత ఒక్కో పని పక్కన చేసే మనిషి పేరు రాయండి. 'అందరం చూసుకుంటాం' అని రాస్తే ఆ గడి ఖాళీ కింద లెక్క. రాత్రి రెండు గంటల దగ్గర పేరు లేని ఇల్లు ఎంత విశాలమైనదైనా ఆ రోగికి సరిపోదు. నేను చూసిన కుటుంబాలు ఎక్కువగా పొరపాటు పడింది ఇక్కడే. ఎవరి ఇంట్లో గదులున్నాయో చూశారు కానీ, ఎవరింట్లో రాత్రి లేచే మనిషి ఉందో చూడలేదు.

డబ్బు మాట కూడా అదే రోజు తేల్చుకోవాలి. ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో పాటు ఇక్కడ మొదలైంది. ఇన్నేళ్లయినా ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆ పథకంలో చికిత్స చేయించుకున్నవారికి డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. ముప్పై రోజుల లోపు ఆ చికిత్స వల్ల ఇబ్బంది తలెత్తితే అది చూడవలసిన బాధ్యత కూడా ఆ ఆసుపత్రిదే. కొన్ని జబ్బులకు ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఇచ్చే వేరే ప్యాకేజీలున్నాయి. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి, మీ రోగికి అది వర్తిస్తుందో లేదో తెలుసుకున్నాకే ఆసుపత్రి వదలండి.

మళ్లీ చూపించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ బస్సు ఎక్కాలా అన్నది మరో ప్రశ్న. పదేళ్ల కిందట ఎక్కక తప్పేది కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తుల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక కుట్లు విప్పడం, బీపీ, షుగర్ చూడటం వంటివి దగ్గర్లోనే అయిపోతున్నాయి. అందుకు డిశ్చార్జి సమ్మరీ పూర్తిగా ఉండాలి. ఏ ఆపరేషన్, ఏ మందు ఎన్నాళ్లు, ఏ లక్షణం కనిపిస్తే తిరిగి రావాలి అన్న మూడూ అందులో లేకపోతే రాయించుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీకి నోటితో చెప్పే మాటల్లో సగం దారిలోనే జారిపోతాయి.

పక్షవాతం: మొదటి మూడు నెలలు

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎంచుకునే చోటును బట్టి మనిషి నడవడమో నడవకపోవడమో తేలేది ఈ జబ్బులోనే. పక్షవాతం వచ్చిన తర్వాత చేయి, కాలు తిరిగి పనిలోకి వచ్చే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువ. ఆ తర్వాత కూడా మెరుగుదల ఉంటుంది కానీ నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ మూడు నెలలు ఎక్కడ గడపాలన్నదే అసలు ఎంపిక.

మా మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను నర్సునై ఉండి కూడా తప్పు చేశాను. ఆయనది దేవరకొండ పక్క ఊరు. హైదరాబాద్‌లో మా మరిది ఇల్లు పెద్దది, పెద్ద ఆసుపత్రి దగ్గర, అక్కడే మంచిదనుకున్నాం. మరిది, తోడికోడలు ఇద్దరూ ఉదయం ఎనిమిదిన్నరకు ఉద్యోగాలకు వెళ్లేవారు. ఏజెన్సీ పంపిన అబ్బాయి పగలు ఉండేవాడు, కానీ ఆయనను పక్కకు తిప్పేవాడు కాదు. మూడు వారాలు తిరిగేసరికి నడుము కింద ఎముక మీద పుండు పడింది. అంతకన్నా బాధ కలిగించింది ఆయన మాట్లాడటం మానేయడం. మాట పోలేదు, మాట్లాడేందుకు మనిషి లేడు, అంతే. నల్గొండకు తెచ్చి మా వీధిలోనే చిన్న గది అద్దెకు తీసుకున్నాం. ఫిజియోథెరపిస్టు రోజూ వచ్చేవాడు. రాత్రిళ్లు నేను, మా ఆయన వంతులు వేసుకున్నాం. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆరో నెలలో కర్ర పట్టుకుని ఊరికి వెళ్లారు.

ఈ అనుభవంతో నాలుగు ఏర్పాట్లను ఇలా పోలుస్తాను.

సొంత ఊరి ఇల్లు: మనుషుల పలకరింపు ఉంటుంది, రోగి మనసు నిలబడుతుంది, ఖర్చు తక్కువ. కానీ ఫిజియోథెరపీకి మనిషి దొరకడు. గడపలు ఎత్తు, మరుగుదొడ్డి వాకిలి అవతల, మంచం నులకది. నులక మంచం కిందికి జారుతుంది, అందులో పడుకున్న పక్షవాతం మనిషిని తిప్పడం ఇద్దరి వల్ల కూడా కాదు. చెక్క మంచం మీద గాలి పరుపు వేసుకోగలిగితే, వారానికి మూడు రోజులైనా ఫిజియోథెరపిస్టు రాగలిగితే ఊరు మంచి చోటే.

జిల్లా కేంద్రంలో అద్దె గది: మొదటి మూడు నెలలకు నా ఓటు దీనికే. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, ఏదైనా సరే. కింది అంతస్తు కావాలి, ఫిజియోథెరపీ క్లినిక్కుకు ఆటో దూరం కావాలి. కుటుంబంలో ఒకరు పని మానుకుని రావాల్సి ఉంటుంది, అది నిజమైన నష్టం. ఆ నష్టాన్ని అన్నదమ్ములందరూ పంచుకోవాలి. వచ్చి చూసుకునేది కోడలో, పెళ్లికాని కూతురో అయితే ఆమె కోల్పోయే కూలి, జీతం కూడా లెక్కలో రాయండి. ఆమె శ్రమకు ధర లేదన్నట్టు ప్రవర్తించే కుటుంబాలను చూసి నేను చాలాసార్లు కోప్పడ్డాను.

హైదరాబాద్‌లో పిల్లల ఇల్లు: పగలు ఇంట్లో మనిషి ఉంటేనే ఆలోచించండి. లిఫ్టు లేని పై అంతస్తయితే ఆ మాట వదిలేయండి. నెలకోసారి పెద్ద డాక్టరుకు చూపించడానికి దగ్గరని, మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు ఒంటరిగా ఉంచడం సరైన లెక్క కాదు.

పునరావాస కేంద్రం: ముక్కులో గొట్టంతోనే ఆహారం వెళుతున్నా, గొంతులో శ్వాస గొట్టం ఉన్నా, మనిషి భారీగా ఉండి ఇంట్లో ఎత్తేవారు లేకపోయినా రెండు మూడు వారాలు అక్కడ ఉంచడం మేలు. అయితే ఇంటి మనిషి ఒకరు పక్కనే ఉండి తిప్పడం, లేపడం, తినిపించడం నేర్చుకోనిచ్చే కేంద్రమే ఎంచుకోండి. చేర్చే ముందు చెప్పకుండా వెళ్లి చూడండి. గుమ్మంలోనే మూత్రం వాసన వస్తే తిరిగి వచ్చేయండి. రాత్రి ఎంతమందికి ఒక ఆయా, రోజుకు ఫిజియోథెరపీ ఎంతసేపు, డైపర్లు, డ్రెస్సింగ్ బిల్లులో కలిసి ఉన్నాయా వేరా, రాతపూర్వకంగా అడగండి.

చోటు ఏదైనా కొన్ని పనులు మారవు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్లు తాగగానే దగ్గు వస్తుంటే మింగడంలో లోపం ఉందన్నమాట, వెంటనే డాక్టరుకు చెప్పాలి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపవద్దు, భుజం కీలు జారుతుంది. పసరు మందు పోస్తారని ఆ ఊరికీ ఈ ఊరికీ తిప్పుతూ బీపీ మాత్రలు మానేసిన వాళ్లు రెండో పక్షవాతంతో తిరిగి మా వార్డుకే వచ్చారు. ఆ ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా ఒక మాట. దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన శరీరాలవి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా, అంతకుముందే బిగుసుకున్న వెన్ను, మెడ, మోకాళ్లు సడలవు. ఇలాంటి మనిషికి పక్షవాతం వచ్చినా, ఎముక విరిగినా ఫిజియోథెరపిస్టుకు ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. వంగని కీలును బలవంతంగా వంచితే ఆ ఎముక విరిగే ప్రమాదం ఉంది. కింద కూర్చునే మరుగుదొడ్డి వీళ్లకు అసలు కుదరదు, కమోడ్ కుర్చీ మొదటి వారమే కొనాలి.

మనిషిని పెట్టుకోవాలంటే

పిల్లలు ముంబయి, పుణె, బెంగళూరు పనులకు వెళ్లిపోయి ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు పాలమూరులో ఎన్నో. అలాంటి ఇంటికి 'కుటుంబం చూసుకోవాలి' అని చెప్పి ఏం లాభం? మనిషిని పెట్టుకోవాల్సిందే. అందులో రెండు దారులు. ఏజెన్సీ నర్సు లేదా ఆయా ఒకటి. ఊళ్లోనే తెలిసిన మనిషికి కూలి ఇచ్చి పెట్టుకోవడం రెండోది.

ఏజెన్సీ నుంచి వచ్చే మనిషికి డైపర్లు మార్చడం, గొట్టంతో ఆహారం ఇవ్వడం తెలిసి ఉండవచ్చు. తెలుసో లేదో మీ కళ్ల ముందు ఒకసారి చేయించి చూడండి, పేరు వెనుక నర్సు అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మనిషి మారిపోతుంటారు, ఏజెన్సీ కమిషన్ వేరు, పల్లెల్లో ఉండటానికి చాలామంది ఒప్పుకోరు. మూత్రం గొట్టం, ఇన్సులిన్ ఇంజెక్షన్లు, పెద్ద పుండు ఉన్న రోగికి మాత్రం శిక్షణ ఉన్న మనిషే కావాలి, ఖర్చుకు వెనకాడవద్దు.

తిప్పడం, తినిపించడం, శుభ్రం చేయడం వరకే అయితే ఊరి మనిషే మేలని నా అనుభవం. కల్వకుర్తి దగ్గర మా అక్క ఊళ్లో తుంటి విరిగిన ఒక అవ్వకు పక్కింటి ఆమెనే పెట్టారు. పొలం కూలికి వెళ్తే వచ్చేంత డబ్బు రోజుకు ఇచ్చారు, రెండు పూటలా భోజనం పెట్టారు. డిశ్చార్జికి ముందు రెండు రోజులు ఆమెను ఆసుపత్రికి పిలిపించి నర్సు దగ్గర పని నేర్పించారు. ఆ రెండు రోజుల కూలి కూడా ఇచ్చారు. అవ్వ యాస, అవ్వ అలవాట్లు, ఏ కూర అంటే ఇష్టమో అన్నీ ఆమెకు ముందే తెలుసు. నాట్లు, కలుపు రోజుల్లో కూలి రేటు పెరిగినప్పుడు ఇక్కడ కూడా పెంచాలి, లేకపోతే ఆ మనిషి పొలానికి వెళ్లిపోతుంది. వెళ్తే తప్పు ఆమెది కాదు.

తుంటి విరిగినప్పుడు, స్టెంట్ వేశాక

తుంటి ఆపరేషన్ తర్వాత చాలామంది పెద్దవాళ్లను పూర్తిగా పడుకోబెట్టేస్తారు, జాగ్రత్త అనుకుని. ఎక్కువ ఆపరేషన్లలో ఒకటి రెండు రోజుల్లోనే వాకర్‌తో నిలబెట్టమని డాక్టర్లు చెబుతారు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, పుండ్లు పడతాయి. ఇక్కడ ఇల్లు ఎంచుకోవడంలో చూడాల్సింది నేల. నున్నటి టైల్స్ వేసిన కొత్త ఇంటికన్నా గరుకు నేల ఉన్న పాత ఇల్లు భద్రం. మంచం నుంచి మరుగుదొడ్డికి రాత్రి దీపం ఉండాలి, గోడకు పట్టుకునే కమ్మీ ఉండాలి.

స్టెంట్ వేసినవారికి ఏ ఇల్లైనా ఫరవాలేదు. రక్తం పలుచన చేసే మాత్రలు డాక్టరు చెప్పనిదే ఒక్క రోజు కూడా ఆపకూడదు. పంటి నొప్పికి పన్ను తీయించుకుందామని సొంతంగా మాత్రలు ఆపిన మనిషిని మళ్లీ గుండె నొప్పితో తీసుకొచ్చారు. మందులు అయిపోవడానికి వారం ముందే తెచ్చే మనిషి ఎవరో తేల్చుకుంటే చాలు.

బాలింత: పుట్టిల్లా, అత్తిల్లా?

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం, దాంట్లో పెద్ద మంచి ఉంది. తల్లి దగ్గర పిల్ల నిద్రపోగలదు, నొప్పి ఉందని నోరు విప్పి చెప్పగలదు. అత్తింట్లో అందరూ మంచివాళ్లే అయినా, ఆపరేషన్ కుట్లతో ఉన్న కోడలు నీళ్ల బిందె ఎత్తకుండా ఉండటం కష్టం. కాబట్టి నేను పుట్టింటి వైపే మొగ్గుతాను, రెండు షరతులతో.

ఒకటి, పథ్యం పేరుతో ఆకలికి మాడ్చకూడదు. నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయని గ్లాసుతో కొలిచి ఇచ్చే పెద్దవాళ్లను చూశాను. పాలిచ్చే తల్లికి నీళ్లు, పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ కావాలి. కుంపటి పొగ గదిలో నింపితే ముందు ఇబ్బంది పడేది పసిబిడ్డ ఊపిరి. మొదటి ముర్రుపాలు పిండి పారబోయడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి అది చేయకండి.

రెండోది, చాలామంది తప్పిపోయేది, ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. పేరు అత్తగారి ఊళ్లో నమోదై, మనిషి పుట్టింట్లో ఉంటే ఆ ఊరి ఆశ రాదు, ఈ ఊరి ఆశకు తెలియదు. ఇంటికి చేరిన రోజే పుట్టింటి ఊరి ఆశకు కబురు పెట్టండి. ఆరో వారం టీకాలు కూడా అక్కడే వేయించవచ్చు.

తల్లికి చలి జ్వరం, గుడ్డలు తరచూ తడిసేంత రక్తం, దుర్వాసన, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, బిడ్డ పాలు పట్టకపోవడం, అరికాళ్ల దాకా పసుపు రంగు తిరగడం, ఊపిరి పీల్చినప్పుడు డొక్క లోపలికి పోవడం, వీటిలో ఏది కనిపించినా పురుడు ముగియలేదని ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. పుట్టిల్లు అడవి పక్క చెంచు పెంటలోనో (చెంచుల గూడెంలోనో), వాన పడితే వాహనం రాలేని తండాలోనో ఉంటే మొదటి రెండు వారాలు రోడ్డు మీదున్న బంధువుల ఇంట్లో ఉంచడమే మంచిది. అమ్రాబాద్, మన్ననూరు వైపు వాళ్లకు ఈ మాట బాగా తెలుసు.

తాగుడు మానాక

ఇక్కడ నేను మెల్లగా మాట్లాడాలి. మా తమ్ముడు ఈ దారిలో నడిచాడు కాబట్టి.

మొదటి వారం ఎంపిక లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మన వైపు కల్తీ కల్లు అలవాటైన వాళ్లకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అందులో కలిపే నిద్రమాత్రల మందుకు కూడా శరీరం అలవాటు పడి ఉంటుంది. 'ఉత్త కల్లే కదా' అని ఇంట్లో గది పెట్టి గొళ్లెం వేయవద్దు. ఆసుపత్రిలో డాక్టరు కళ్ల ముందే ఆపించాలి.

ఆ తర్వాత సంగతే అసలు సంరక్షణ. మందు శరీరంలోంచి పోవడానికి వారం పది రోజులు చాలు, అలవాటు మనసులోంచి వదలడానికి ఏడాది కూడా తక్కువే.

ఇంట్లో ఉంచి మానసిక వైద్య విభాగానికి తిప్పడం ఒక దారి. ఉద్యోగం, భార్యాపిల్లలు నిలబడి ఉన్నవారికి, ఇదే మొదటి ప్రయత్నమైన వారికి ఇది చాలు. వైద్యుడి దగ్గరకు వెళ్లే రోజు తోడు ఎవరో నిర్ణయించుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తోడు వెళ్లేది అక్కో, భార్యో అయితే ప్రయాణం ఖర్చు సగమవుతుంది. చిన్న విషయమే, కానీ ఆ సగం ఖర్చుకే వైద్యం మానుకున్న ఇళ్లు నాకు తెలుసు.

వ్యసన విముక్తి కేంద్రంలో చేర్చడం రెండో దారి. రెండు మూడు సార్లు మాని మళ్లీ మొదలుపెట్టినవారికి, ఇంట్లోనే ఇంకొకరు తాగుతున్నవారికి ఇది అవసరం. కానీ కేంద్రాలన్నీ ఒకటి కావు. మా తమ్ముడిని మొదట చేర్చిన చోట నెల రోజులు మమ్మల్ని చూడనివ్వలేదు. బయటికి వచ్చినప్పుడు వీపు మీద దెబ్బలున్నాయి. ఆ మచ్చలు ఇప్పటికీ నా నిద్ర పాడుచేస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని హింసించడాన్ని, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. మానసిక వైద్యుడు ఏ రోజు వస్తాడో, వారానికోసారి ఫోను మాట్లాడనిస్తారో లేదో అడగండి. 'మీకు తెలియకుండా మేమే వచ్చి ఎత్తుకుపోతాం' అని చెప్పే చోటికి అసలు పంపవద్దు.

అన్నంలోనో, మజ్జిగలోనో రహస్యంగా మాత్ర కలిపి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. తాగితే పడకుండా చేసే ఆ మాత్ర తెలియకుండా ఇచ్చినప్పుడు మనిషి తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. అతనికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు రాసి ఇస్తేనే వాడాలి.

మానినవాళ్లు ఒకరికొకరు తోడుగా కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మూడోది. దీన్ని వేరే దారిగా కాకుండా మొదటి రెండింటికీ జతగా చూడండి. దగ్గర్లో సమావేశం లేని ఊళ్ల నుంచి 14446 వ్యసన విముక్తి సహాయ నంబరుకు, మనసు కుంగినప్పుడు టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ఇంటికి వచ్చాక దసరా, పెళ్లిళ్లు, చావు ఇంటి దినాలు, ఇవే గండాలు. ఆ రోజులకు ముందే ఏర్పాటు చేసుకోవాలి. మా తమ్ముడు రెండేళ్లపాటు దసరాకు ఊరు వెళ్లలేదు, మా ఇంట్లోనే ఉన్నాడు. కల్లు గీయడమే బతుకుతెరువైన మనిషికి ఇది ఇంకా కష్టం, అతనికి వైద్యంతో పాటు వేరే పని చూపించడమే సంరక్షణ. ఒక రోజు జారితే పాత తిట్లన్నీ తిట్టకుండా, ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మావాడు రెండుసార్లు జారాడు. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది.

'ఇక ఇంటికి తీసుకెళ్లండి' అన్నప్పుడు

క్యాన్సర్ చివరి దశలో ఈ మాట వింటారు. చికిత్స ఆగిందంటే చూసుకోవడం ఆగిందని కాదు, నొప్పికి, ఆయాసానికి, పుండుకు చేయవలసింది చాలా ఉంటుంది. ఇంట్లో ఉంచాలనుకుంటే ముందు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగంలో గానీ, జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ కేర్ విభాగంలో గానీ పేరు రాయించండి. మార్ఫిన్ మాత్రలు అక్కడే దొరుకుతాయి. మార్ఫిన్ అంటే భయపడవద్దు, డాక్టరు చెప్పిన మోతాదులో అది మనిషిని నిద్రపోనిస్తుంది, అన్నం తిననిస్తుంది. కొన్ని జిల్లాల్లో 'ఆలన' వాహనంలో నర్సు ఇంటికే వస్తుంది. నొప్పి ఇంట్లో అదుపు కాకపోయినా, ఇంటివాళ్లు పూర్తిగా అలసిపోయినా హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్ వంటి ఉచిత కేంద్రం ఉంది. అక్కడికి పంపితే వదిలేసినట్టని ఊళ్లో అంటారు. ఆ మాట అనేవాళ్లు రాత్రి వచ్చి కూర్చోరు.

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు

అనంతర సంరక్షణ అనే మాటకు చట్టంలో నిర్వచనం ఉన్నది వీళ్ల కోసమే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బాలల సంరక్షణ కేంద్రంలో పెరిగి, పద్దెనిమిది నిండి బయటికి వచ్చినవారికి ఇరవై ఒకటో ఏడు వరకు డబ్బుతో, ఇతర సాయంతో అండగా ఉండటం. ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా పొడిగించవచ్చు. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి, అదీ పద్దెనిమిదో పుట్టినరోజుకు కనీసం ఆరు నెలల ముందు.

ఎంపికలు సాధారణంగా మూడు. దూరపు బంధువుల ఇల్లు, చదువు సాగితే కాలేజీ హాస్టల్, పని దొరికితే స్నేహితులతో అద్దె గది. బంధువుల ఇల్లు వినడానికి బాగుంటుంది, కానీ ఇన్నేళ్లు రాని మేనమామ ఇప్పుడు ఎందుకు వచ్చాడో ఆరా తీయండి, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో. పెళ్లి చేసి పంపేస్తే బాధ్యత తీరుతుందనే తొందర నాకు నచ్చదు. చదువు మీద మనసున్న పిల్లకు హాస్టల్ మొదటి ఎంపిక. గది తీసుకునేవారికి ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు కేంద్రం నుంచి బయటికి రాకముందే చేతికి రావాలి. తర్వాత వాటి కోసం తిరగడం ఒంటరి పిల్లవాడి వల్ల కాదు.

వీళ్ల కోసం చోటు వెతుకుతున్నప్పుడు నేను ఇంకొక ప్రశ్న అడుగుతాను. పండగకు హాస్టల్ మూసేస్తే ఎక్కడికి వెళ్తుంది? నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయికి ఆ జవాబు లేదు. మొన్న దసరా సెలవులకు మా అక్క ఆమెను కల్వకుర్తికి పిలిపించింది. బతుకమ్మ పేర్చడం ఆ పిల్లకు రాదట. తంగేడు పువ్వు ఎలా కట్టాలో అక్క చూపించింది. వచ్చే సంక్రాంతికి సంచి అక్కడే వదిలి వెళ్లింది.